హిడ్మే పేరు మీద

జూన్ 9, సోమవారం

కొత్త నోటుబుక్కు. కాగితం పల్చన, సిరా వెనక్కి దిగుతోంది. భోపాల్‌పట్నంలో ఇంతకంటే మంచిది కావాలంటే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు.

నా భార్య ఇంద్రాణి పోయాక డైరీ మానేశాను. ఇప్పుడు తేదీలు కావాలి. ఎవరు ఏ రోజున ఏం చేశారో, ఏం అన్నారో రాసి పెట్టుకుంటే తప్ప వీళ్ళను నిలదీయలేను.

హిడ్మేకు జగ్దల్‌పూర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. కిష్టారం అవతలి పల్లె పిల్ల. తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో జ్వరాలతో పోతే, పదకొండేళ్ళప్పుడు పిల్లల సంక్షేమ సమితి వాళ్ళు మాకు అప్పగించారు. దత్తత కాదు. పద్దెనిమిది నిండేదాకా పెంచే బాధ్యత, ఒక ఉత్తర్వు కాగితం మీద. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కనక జనవరి ఒకటి అని రాశారు. అడవి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్లో సగంమంది ప్రభుత్వం దృష్టిలో జనవరి ఒకటినే పుడతారు. కిందటేడు జనవరి ఒకటిన ఆ ఉత్తర్వు గడువు తీరింది. పిల్ల మాత్రం ఇంట్లోనే ఉంది. సెలవులకు ఇక్కడికే వస్తుంది. వేరే చోటు లేదు.

ఈరోజు చదువు లోను కోసం బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు నలభై దాటినవాడు. కంప్యూటరులో ఏదో కొట్టి, కాసేపు చూసి, తెర మా వైపు తిప్పాడు.

"లోన్ తో పహలే సే హై, బేటీ."

రెండు లోన్లు ముందే ఉన్నాయట. కిస్తీల మీద కొన్న ఒక ఫోను. అన్నీ హిడ్మే పేరు మీదే. ఒక్క కిస్తీ కట్టలేదు. సిబిల్ స్కోరు ఇంత పడిపోయాక చదువు లోను పైవాళ్ళు ఒప్పుకోరట.

"నేను తీస్కోలే సార్," అంది హిడ్మే. మొదట హిందీలో, తర్వాత తెలుగులో, చివరికి తన ఇంటి భాష దోర్లీలో. మూడు భాషల్లోనూ అదే మాట. మేనేజరుకు రెండు భాషలు అర్థం కాకపోయినా మాట అర్థమైంది. తల ఊపాడు.

ఆగస్టు పద్నాలుగులోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

దీని వెనక ఎవరున్నారో తేలాలి. పిల్ల కాగితాలు ఎన్ని చేతులు మారాయి! సమితి ఆఫీసు, స్కూలు, హాస్టలు, బ్యాంకు. ప్రతిచోటా జిరాక్సు తీసి ఇమ్మన్నవాళ్ళే. ముఖ్యంగా సమితి. సమితి అంటే చక్రధరరావు.

గిరీష్‌ను పిలిపించాను. ఇలాంటివి వాడికి తెలుస్తాయి.


జూన్ 10

గిరీష్ వచ్చాడు. ఇంద్రాణి అన్న కొడుకు. బస్టాండ్ దగ్గర చాయిస్ సెంటర్ నడుపుతున్నాడు. ఆధార్, పింఛను, కరెంటు బిల్లు, ఊళ్ళో ప్రతివాడి బొటనవేలూ వాడి మిషను మీద పడాల్సిందే.

"ఆన్‌లైన్ ఫ్రాడ్ మామా. ఎక్కడో కూసొని చేస్తరు. మనకు దొరుకుతరా?"

"థానాకు పోతే?"

"పోతే పిల్లకే నష్టం. రేపు కాలేజీల పోలీస్ వెరిఫికేషన్ అంటరు. కేసు ఉన్న పిల్లని ఎవరు తీస్కుంటరు చెప్పు? నేను చూస్త. నువ్వు పరేషాన్ గాకు."

వాడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. టీ తాగకుండా వెళ్ళాడు. ఎప్పుడూ రెండు కప్పులు తాగేవాడు.


జూన్ 12

నిద్ర సరిగ్గా లేదు. వయసు.


జూన్ 15, ఆదివారం

హిడ్మేతో చెప్పాను. నా పింఛను డబ్బులో దాచింది ఉంది, మొదటి ఏడు ఫీజు నేనే కట్టేస్తాను, ఈ గొడవ వదిలెయ్యమని.

కందిపప్పు కడుగుతోంది. చేతులు నీళ్ళలోనే ఉంచి మాట్లాడింది.

"ఫీజు గట్టొచ్చు తాతా. మరి నా పేరు?"

"పేరుకేమైంది?"

"రేపు నౌకరీకి పోత. బ్యాంకుల జీతం ఏస్తమంటరు, నా పేరు కొట్టి చూస్తరు. స్కూటీ కొంటనంటే చూస్తరు. రూమ్ అద్దెకు తీస్కుంటనంటే గూడ ఇప్పుడు అడుగుతున్నరట. ఎక్కడ కొట్టినా దొంగ అని వస్తది గదా."

"దొంగ అని రాదు. బకాయి అని వస్తుంది."

"నాకు రెండూ ఒకటే."

పదాలకు అర్థం చెప్పే అలవాటు నాకు ఎక్కడా పోదు.


జూన్ 19

చక్రధరరావు గురించి రాయాలి. ఎనిమిదేళ్ళుగా రాయాలనుకుంటూ ఆగాను.

బచేలీ గనుల్లో ఉద్యోగం చేసి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. సిక్కోలు మనిషి. నవ్వుతూ మాట్లాడతాడు, అదే వాడి ఆయుధం. జిల్లా కేంద్రం బీజాపూర్‌లో సమితి సభ్యుడిగా కూర్చునేవాడు. హిడ్మేను మాకు ఇవ్వాలా వద్దా అని తేల్చే రోజున, నేను బయట బెంచీ మీద ఉన్నానని తెలిసీ, తలుపు తీసి ఉందని తెలిసీ అన్నాడు:

"మాస్టారు మంచోరేనండి. కాకపోతే ఆయనకి కావలసింది పిల్ల కాదు, ఎదర కూచుని వినే మనిషి."

లోపల ఇద్దరు నవ్వారు. ఇంద్రాణి మాట్లాడి ఒప్పించింది. నన్ను చూసి కాదు, ఆమెను చూసి ఇచ్చారు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసేలా చేసింది కూడా చక్రధరరావే.

నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. మూడు భాషల్లో చదవదగిందంతా చదివాను. ఇనుప రాయి తవ్విన మనిషి నాకు మనిషి విలువ చెప్పాడు.

హిడ్మే ఫైలు రెండేళ్ళు వాడి బీరువాలో ఉంది. ఇది మాత్రం నిజం.


జూన్ 24

హిడ్మే నాకు చెప్పకుండా చక్రధరరావు ఇంటికి వెళ్ళింది.

తిరిగొచ్చి ఉత్సాహంగా చెప్పింది. ముందు తన పేరు మీద ఏమేం ఉన్నాయో పూర్తి రిపోర్టు తెప్పించాలట. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారట. ఏ తేదీన ఏ లోను, ఏ చిరునామా, ఏ ఫోను నంబరు, అంతా అందులో ఉంటుందట. అది పట్టుకుని లోను ఇచ్చిన వాళ్ళకు 'ఇది నాది కాదు' అని రాయాలి, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఎక్కించాలి.

"ఇవన్నీ ఆయనకు ఎట్లా తెలుసు?" అన్నాను. "తెలిసిందంటేనే అనుమానం."

"బచేలీల ఆయన దోస్తుకు గూడ ఇట్లనే అయిందట తాతా."

చిన్న ఫోనులో వేళ్ళు టకటకా ఆడించింది. "తాతా, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చిందా చూడు. నా ఆధార్‌కు నీ నంబరే ఉంది గదా."

చూశాను. రాలేదని చెప్పాను.

మూడుసార్లు నొక్కింది.

ఇంద్రావతి ఒడ్డున టవరు సరిగ్గా పనిచెయ్యదు. వాన పడితే అసలే ఉండదు.


జూన్ 25

ఆ రిపోర్టును పోస్టులో కూడా తెప్పించవచ్చట. చక్రధరరావు దరఖాస్తు నింపి ఇచ్చాడు. పదిహేను రోజులు పడుతుందట.


జూన్ 28

కలెక్టరు గారికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు, హిందీలో. అనాథ పిల్లల కాగితాలు సమితి మాజీ సభ్యుడి ఇంట్లో ఉండటం ఎలా సాధ్యమైందో, ఆ మనిషికి లోన్ల వ్యవహారాలు ఇంత క్షుణ్ణంగా ఎలా తెలిశాయో విచారించమని. ఎక్కడా అబద్ధం రాయలేదు. ప్రశ్నలు మాత్రమే వేశాను. రెండో పేజీ చివరి వాక్యం చాలా బాగా కుదిరింది. గట్టిగా చదువుకున్నాను. వినడానికి ఎవరూ లేరు, హిడ్మే నీళ్ళకు వెళ్ళింది.

సంతకం పెట్టలేదు. నా పేరు చూస్తే పాత పగ అనుకుంటారు.


జూలై 1

ఉత్తరం పోస్టు చేశాను.


జూలై 6, ఆదివారం

గిరీష్ రాలేదు. వరసగా నాలుగో ఆదివారం.


జూలై 11, శుక్రవారం

రిపోర్టు వచ్చింది.

హిడ్మే అరుగు మీద కూర్చుని చించింది. ఆరు కాగితాలు, ఇంగ్లీషు. వేలు పెట్టి లైను లైనుగా చదివింది. అలా చదవడం నేను నేర్పిందే. ఒకచోట వేలు ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"తాతా, ఈ నంబరు నీదే గదా."

నాదే. రెండు లోన్ల దగ్గరా, ఫోను దగ్గరా.

"అవును," అన్నాను.

"మొన్న బ్యాంకుల అడిగిన, లోన్ పైసలు నా ఖాతాల్నే పడ్డయట. అదే రోజు ఏటీఎంల తీసిండ్రట. నా కార్డు నీ బీరువాల ఉంది గదా."

"ఉంది."

"ఉందా?"

లేచి వెళ్ళి చూసింది. తాళం ఎక్కడుందో తనకు తెలుసు. లేదు.

నేను చెప్పాను. స్కాలర్‌షిప్ పడిందో లేదో చూస్తానని గిరీష్ అడిగితే కార్డు ఇచ్చాను, మళ్ళీ అడగడం మరిచిపోయాను. ఓటీపీలు వాడే ఫోన్ చేసి అడిగేవాడు. అప్పుడు నాకు కంట్లో పొర. అక్షరాలు అలుక్కుపోయేవి. అంకెలు మాత్రం పెద్దగా కనిపించేవి, చదివి చెప్పేవాణ్ణి. మెసేజీలో ఏముందో నాకెలా తెలుస్తుంది?

ఇది నిజం. ఆ రోజుల్లో దినపత్రికలో పెద్ద అక్షరాలు కూడా కనబడేవి కావు.


జూలై 12

పొర వల్ల.


జూలై 13, ఆదివారం

అన్నం తినేటప్పుడు, తల ఎత్తకుండా అంది.

"కళ్ళు గనపడని రోజుల్ల నీ ఫోన్ నేనే చదివేదాన్ని గదా తాతా."

కోపంగా కాదు. గుర్తు చేస్తున్నట్టు.

అవును. పొద్దున పేపరు, సాయంత్రం పుస్తకం, మధ్యలో ఫోనుకు వచ్చే చెత్త మెసేజీలు, అన్నీ ఆమే చదివేది. నన్ను నవ్వించడానికి, లాటరీ తగిలిందని వచ్చే మెసేజీలను వార్తలు చదివేవాళ్ళ గొంతుతో చదివేది. ఆపరేషను కిందటేడు మే నెలలో అయింది. ఆమె కోచింగ్‌కు జగ్దల్‌పూర్ వెళ్ళింది జూలైలో. మొదటి లోను ఆగస్టు ఇరవై ఒకటి. రెండోది నవంబరు పదిహేడు.

తేదీలు కావాలనే కదా ఈ పుస్తకం మొదలుపెట్టాను.


జూలై 14

రాస్తాను.

ఆగస్టులో నాకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. వరంగల్‌లో ఆపరేషను చేయించింది గిరీషే. మూడు రోజులు నా మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టాడు. కన్న కొడుకు ఉన్నవాళ్ళకు కూడా అది జరగదని వార్డులో అందరూ అన్నారు. నాకు చాలా సంతోషమైంది.

రాఖీకి హిడ్మే రెండు రోజులు వచ్చింది. గిరీష్ మిఠాయి తెచ్చాడు, మిషను తెచ్చాడు. "స్కాలర్‌షిప్‌కు పాన్ కార్డు గావాలె చెల్లే, వేలు పెట్టు." అడవి పనికి అరిగిన వేళ్ళు, మిషను పట్టదు. "రాలే, మళ్ళ పెట్టు." నాలుగుసార్లు పెట్టించాడు. ప్రతిసారీ కొంగుకు తుడుచుకుని పెట్టింది. ఫారం మీద సాక్షిగా నేను సంతకం చేశాను. పెట్టె మీద కూర్చుని, దస్తూరీ బాగా రావాలని జాగ్రత్తపడి చేశాను.

తర్వాత ఆమె వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ. గిరీష్ ప్రతి ఆదివారం వచ్చేవాడు. రెండు కప్పుల టీ తాగి, నేను చెప్పేది వినేవాడు. పుస్తకాల గురించి, పాత రాజుల గురించి, గోదావరి జిల్లాల నుంచి మా తాత ఎడ్లబండి మీద ఎలా వచ్చాడో, ఆ బండి ఇంద్రావతిలో ఎలా దిగబడిందో. ఒకటే సంగతి రెండుసార్లు చెప్పినా "అవునా మామా" అనేవాడు. శుక్రవారం నుంచే నేను ఆదివారానికి ఏం చెప్పాలో సిద్ధం చేసుకునేవాణ్ణి.

ఆగస్టు ఓటీపీ నిజంగా మెసేజి చదవకుండా చెప్పాను. చదవాలనిపించలేదు. కళ్ళు కాదు కారణం.

నవంబరు పదిహేడు. మెసేజి వచ్చింది. ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది, లోను ఒప్పందం, హిడ్మే పేరు, మొత్తం. ఆ పక్కన ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దని. ఫోను పక్కన పెట్టాను. గిరీష్ ఫోన్ చేశాడు. అడిగాను.

"రెండు నెలలు మామా. అప్పులోళ్ళు సెంటర్ మిషన్లు పట్కపోతమంటున్నరు. సంక్రాంతికి మొత్తం గట్టేస్త. పిల్ల పేరుకు ఒక్క మచ్చ రానియ్య. ఆమె నాకు చెల్లె గాదా?"

ఫోను రెండో చెవికి మార్చాను. వాడే అన్నాడు. "ఆదివారం వస్త. ఆ బండి దిగబడ్డ కథ మొత్తం చెప్పలే నువ్వు."

ఆరు అంకెలూ చదివాను. నిదానంగా, ఒక్కొక్కటి. తరగతిలో ఎక్కాలు చెప్పించినట్టు.

జూన్ 24న ఓటీపీ వచ్చింది. మూడుసార్లూ వచ్చింది. అదీ రాశాను.


జూలై 16

పొద్దున బస్టాండ్‌లో చక్రధరరావు. వానలో గొడుగు పట్టుకుని బీజాపూర్ బస్సు కోసం నిలబడ్డాడు. తప్పించుకుందామనుకున్నాను, వాడు చూశాడు.

"రండి మాస్టారూ, గొడుగులోకి రండి. నన్ను థానాకి రమ్మన్నారు. ఎవరో నా మీద కలెక్టరుకి ఉత్తరం రాశారట."

"అలాగా."

"మా మేనల్లుడు ఆఫీసులో చూసొచ్చాడు. హిందీ ఎంత బాగుందనుకున్నారు! రెండో పేజీ విన్నాక నాకే డౌటొచ్చేసింది, ఒకవేళ ఆ లోన్లు నేనే తీసేనేమోనని." నవ్వాడు. "ఈ తాలూకాలో అంత హిందీ రాసే మనిషి ఎవరున్నారో మరి."

డెబ్బై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. బస్సు మెట్టు ఎక్కడానికి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. కిటికీలోంచి ఏదో అన్నాడు, ఇంజను చప్పుడులో వినిపించలేదు. గొడుగు నా చేతిలోనే వదిలేశాడు.


జూలై 17

సెంటర్‌కు వెళ్ళాను. గిరీష్ జనాన్ని బయటికి పంపి షట్టరు సగం దించాడు.

కట్టెయ్యమన్నాను. నీ తప్పు ఒప్పుకోమన్నాను. వాడు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఓటీపీ చెప్పింది ఎవరు మామా?"

"నేను."

"కార్డు ఇచ్చింది?"

"నేనే."

"సాక్షి సంతకం? నేను లోపలికి పోతే నువ్వు గూడ పోతవ్. ఈ వయసుల నీకు అవసరమా? చప్పుడు చెయ్యక కూసో. పిల్లకేమైతది, ప్రైవేట్‌ల ఏదన్న పని చేస్కుంటది. నర్సే గావాల్నా?"

"నమ్మాను రా నిన్ను."

"నమ్మినవా? పది నెలలు ఆదివారం ఆదివారం నీ సోది విన్న. బండి దిగబడె, ఎద్దు మునిగె, మీ తాత ఈదె. ఎన్నిసార్లు! ఊకెనే విన్ననా?"

షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాను. నడుము పట్టింది.


జూలై 18

చక్రధరరావు ఎనిమిదేళ్ళ క్రితం అన్న మాట. అది అన్నందుకు వాణ్ణి క్షమించలేదు. అది నిజమైనందుకు ఇంకా క్షమించలేను.


జూలై 20, ఆదివారం

నవంబరు సంగతి హిడ్మేకు చెప్పాను. కార్డు, పొర, అంకెలు, నేను చదివిన ఇంగ్లీషు, మొత్తం. జూన్‌లో రాలేదని చెప్పిన మూడు ఓటీపీలు కూడా. ఆ ఉత్తరం రాసింది నేనేనని కూడా.

ఇప్పపూలు ఎండబెట్టే గోనె మీద కూర్చుని ఉంది. తిడుతుందని చూశాను. తిడితే ఏదో ఒకటి తిరిగి అనవచ్చు.

"అవ్వకు తెలిస్తే ఏమంటదో," అంది చివరికి, ఇంద్రాణిని తలుచుకుని.

"నేను మొత్తం కట్టేస్తాను. రెండు లోన్లూ, ఫోనూ. వడ్డీతో సహా. రేపే."

"నువ్వు గడితే నేను తీస్కున్నట్టే గదా తాతా. తీస్కున్న, ఆలస్యంగ గట్టిన అని రాస్తరు. తీస్కోలే అని ఎవరు రాస్తరు?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నాకు చెప్పినట్టే పోలీసులకు చెప్పు. కాగితం మీద."

ఏమవుతుందో తెలుసా అని అడిగాను. నామీద కేసు అవుతుంది, ఇంద్రాణి పుట్టింటివాళ్ళు గుమ్మం తొక్కరు, ఈ ఊళ్ళో నా దగ్గర చదవని ఇల్లు లేదు.

"తెలుసు," అంది.

లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకుంది. చక్రధరరావు భార్య పైడమ్మగారు ఉండమన్నారట. మూడు వీధులే దూరం.

"రాత్రికి అన్నం వండి పెట్టిన," అని చెప్పి వెళ్ళింది.


జూలై 21

వండుకోలేదు.


జూలై 22

జ్వరం ఉన్నట్టుంది. నుదురు చల్లగానే ఉంది. ఈ వారం ప్రయాణం మంచిది కాదేమో.


జూలై 23, బుధవారం

పొద్దున బీజాపూర్‌కు ఏడు గంటల బస్సు. హిడ్మే అప్పటికే ఎక్కి కూర్చుంది, ముందు సీట్లో. నేను వెనక కూర్చున్నాను. మద్దేడు దగ్గర టీ కోసం ఆపితే, కిటికీలోంచి ఒక గ్లాసు నాకు అందించి మళ్ళీ ముందుకు వెళ్ళిపోయింది.

బీజాపూర్ థానాలో రాసుకునే మున్షీ నా పాత విద్యార్థి తమ్ముడట. కుర్చీ వేయించాడు, "గురూజీ" అని కాళ్ళకు దండం పెట్టాడు. అది ఇంకా కష్టమైంది. నేను చెప్తూ ఉంటే హిందీలో రాశాడు. నవంబరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి నా ముఖం చూశాడు.

"గురూజీ, జాన్‌బూఝ్‌కర్, యా అన్‌జానే మే?"

తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా. గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "మీ వయసు, కంటి ఆపరేషను కాగితాలూ ఉన్నాయి కదా. తెలియక అని రాసేస్తాను. ఎవరూ తప్పు పట్టరు."

పక్కన హిడ్మే ఉంది. నన్ను చూడలేదు. గోడ మీద తప్పిపోయిన పిల్లల ఫోటోలు అంటించి ఉన్నాయి, వాటిని చూస్తోంది.

నలభై ఏళ్ళలో ఎన్నడూ నాకు మాట కోసం వెతుక్కునే పని పడలేదు. అప్పుడు ఎన్ని మాటలు వచ్చాయో! వయసు, ఒంటరితనం, నమ్మకం, బంధుత్వం. అన్నీ మంచి మాటలు. అన్నిటికీ ఆధారాలు చూపించగలను.

"మొదటిది చదవకుండా," అన్నాను. "రెండోది తెలిసి."

రాశాడు. చదివి వినిపించాడు. 'తెలిసి' అన్న చోట తడబడ్డాడు. నేనే ఆ మాట చూపించాను. సంతకం చేశాను, పక్కన వేలిముద్ర వేశాను. చక్రధరరావు మీద వచ్చిన ఉత్తరం నాదేనని వేరే కాగితం రాసి దాని కింద కూడా సంతకం పెట్టాను.

నన్ను ఉంచుకోలేదు. పిలిచినప్పుడు రావాలి, జిల్లా దాటకూడదు. సాయంత్రం గిరీష్‌ను తీసుకెళ్ళారని తెలిసింది.


జూలై 26

బావమరిది భార్య, గిరీష్ తల్లి, వచ్చింది. గుమ్మంలో నిలబడి అరిచింది. "పరాయి పిల్ల కోసం ఇంటి పిల్లగాన్ని జైల్ల ఏపిచ్చినవ్! ఇంద్రాణి ఉంటే నీ మొకాన..." మిగతాది రాయను.

పరాయి పిల్ల. ఎనిమిదేళ్ళలో నేనా మాట ఎప్పుడూ అనలేదు. నేను చేసింది మాత్రం ఆ మాటకు తగినట్టే ఉంది.


జూలై 30

గొడుగు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. చక్రధరరావు తలుపు తీశాడు. ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను, నాలుగు వాక్యాలు. మొదటిదానికే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వొద్దండి మాస్టారూ. మీరు మొదలెడితే బాగా మాట్లాడతారు. నేను ఒప్పేసుకుంటాను."

గొడుగు తీసుకుని తలుపు వేశాడు. వేసేముందు అన్నాడు, "అమ్మాయి కాగితాలు నేను చూస్తున్నాను లెండి."


ఆగస్టు 7

హిడ్మే ఫిర్యాదు కాపీ, నా వాంగ్మూలం కాపీ రెండు లోను కంపెనీలకూ వెళ్ళాయి. ఒకరు లోను మోసమని ఒప్పుకుని ఆమె పేరు మీంచి తీసేశారు. రెండోవారు, నవంబరువాళ్ళు, విచారణలో ఉందని రాశారు. ఫోను అమ్మిన వాళ్ళ నుంచి జవాబు లేదు. ఈ సంగతులు నాకు పైడమ్మగారు కూరగాయల దగ్గర చెప్పారు. హిడ్మే రాలేదు.

నాకు కోర్టు నోటీసు వచ్చింది. అందులో నాలుగు అక్షరదోషాలు ఉన్నాయి. దిద్దలేదు.


ఆగస్టు 13, బుధవారం

గడువుకు ఒకరోజు ముందు.

మేనేజరు కబురు పంపాడు. పైవాళ్ళు పోలీసు కాగితాలు చూసి చదువు లోను ఒప్పుకున్నారు, వివాదంలో ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోలేదు. పెంచినవాడిగా పాత ఫారం మీద నా పేరు ఉంది కనక, దాన్ని తీసెయ్యడానికి నేనూ వచ్చి సంతకం చెయ్యాలట. అందుకే పిలిచారు.

హిడ్మే ముందే వచ్చి కూర్చుంది. ఆకుపచ్చ చుడీదారు, కొత్త చెప్పులు. "బాగున్నవా తాతా" అంది. బాగున్నానన్నాను. సన్నబడ్డావంది. లేదన్నాను.

నా సంతకం అయిపోయింది. పిన్ను పీకి నా కాగితం పక్కన పెట్టేశాడు మేనేజరు. తర్వాత కంప్యూటరులో నొక్కాడు. లోను ఒప్పందానికి ఆమె సమ్మతి కావాలి. ఆధార్‌లో నంబరు వారం క్రితమే మార్పించుకుందట, తన సొంత సిమ్ము. ఒళ్ళో ఫోను టింగుమంది.

"ఓటీపీ బతావో, బేటీ," అన్నాడు మేనేజరు, వేళ్ళు కీల మీద పెట్టుకుని.

"చెప్ప సార్. నేనే కొడత."

మేనేజరు కొంచెం ఆశ్చర్యపోయి, కీబోర్డు ఆమె వైపు జరిపాడు. ఆమె ఫోను పైకి తీసింది. నేను అలవాటుగా అటు తొంగిచూడబోయాను. ఆమె కుర్చీలో కొంచెం పక్కకు జరిగి, నాకు కనిపించకుండా భుజం అడ్డం పెట్టుకుంది.

నేను తల కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆరుసార్లు కీ చప్పుడు అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.